8 పౌండ్లది వద్దు తమ్ముడూ, 6 పౌండ్ల మాల్ చాలు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఖమ్మం దగ్గర పల్లె. ఇప్పుడు మిషిగన్‌లో ఆన్ ఆర్బర్ దగ్గర ఉంటున్నాం. ఈ మధ్య కొన్న ఇంట్లో వుడ్ స్టవ్ ఉంది. పెరట్లో ఎండిపోయిన యాష్ చెట్టు ఒకటి, రెడ్ ఓక్ ఒకటి, ఎల్మ్ ఒకటి కొట్టించాం, మొద్దులు కోయించి అక్కడే పడేశాం. గొడ్డలి కొన్నాను కానీ కొడితే మొద్దులో ఇరుక్కుపోతోంది, ఊడబెరకడానికే సగం ఓపిక పోతోంది. షాపులో అడిగితే 8 పౌండ్ల స్ప్లిటింగ్ మాల్ (కట్టెలు చీల్చే బరువైన లావు గొడ్డలి) తీసుకో, బరువుంటేనే పగులుతుంది అన్నారు. కర్ర కామ మంచిదా, ఫైబర్‌గ్లాసా? పదును ఎంత ఉండాలి? ఇంకో విషయం, అక్టోబర్‌లో నాన్న వస్తున్నారు, "నేను చిన్నప్పట్నుంచి కట్టెలు కొట్టినవాణ్ణి, నువ్వు పక్కన కూర్చో" అంటున్నారు. అదొక టెన్షన్. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 8 పౌండ్లది కొనకు. ఎవరు ఎంత చెప్పినా కొనకు. రోజంతా ఆఫీసులో కూర్చుని శనివారం పొద్దున కట్టెలు కొట్టేవాడికి అది పనిముట్టు కాదు, భుజం నొప్పి.

నీ గొడ్డలి ఎందుకు ఇరుక్కుంటోందో చెప్తాను, అది అర్థమైతే మిగతావన్నీ నీకే తెలుస్తాయి. నువ్వు కొన్నది చెట్టు నరికే గొడ్డలి. దాని చెంపలు పల్చగా ఉంటాయి, ఎందుకంటే అది నారకు అడ్డంగా దిగి నారను తెగ్గొట్టాలి. నువ్వు చేస్తున్న పని వేరు. మొద్దును నిలబెట్టి నార వెంబడి విడదీస్తున్నావు. అక్కడ తెగ్గొట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు, పక్కలకు తోయాలి. పల్చటి గొడ్డలి సాఫీగా లోపలికి దిగిపోతుంది, పక్కలకు తోయదు, రెండు వైపులా చెక్క దాన్ని నొక్కి పట్టుకుంటుంది. మాల్‌కు చెంపలు లావుగా ఉంటాయి. అంచు లోపలికి దారి చేసుకోగానే ఆ లావు చెంపలు చెక్కను రెండు పక్కలకూ నెడతాయి, పగులు అంచుకంటే ముందే కిందికి పరిగెడుతుంది. మంచి దెబ్బ పడ్డప్పుడు మాల్ మొద్దులో సగం కూడా దిగకముందే రెండు ముక్కలూ చెరో వైపు పడిపోవడానికి కారణం ఇదే.

ఇక బరువు సంగతి. 8 పౌండ్లది 6 పౌండ్ల దానికంటే మూడో వంతు ఎక్కువ బరువు, అంటే అదే వేగంతో దించితే దెబ్బలో శక్తి కూడా మూడో వంతు ఎక్కువ, ఇంతవరకు షాపువాళ్ళు చెప్పింది నిజమే. కానీ శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కదా, ఇంటర్‌లో చదివిందే. 6 పౌండ్ల దాన్ని పదిహేను పదహారు శాతం ఎక్కువ వేగంగా దించగలిగితే ఆ తేడా మొత్తం పూడిపోతుంది. తేలికైన దాన్ని వేగంగా దించడం ఎవరికైనా సులువే. పైగా మొదటి పది దెబ్బల్లో 8 పౌండ్లది బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, అరగంట దాటాక చేతులు వణకడం మొదలై దెబ్బ అనుకున్న చోట పడదు. గురి తప్పిన 8 పౌండ్ల దెబ్బకంటే గురిగా పడ్డ 6 పౌండ్ల దెబ్బ ఎన్నో రెట్లు మేలు. తల బరువు 6 పౌండ్లు, అంటే సుమారు 2.7 కిలోలు, నీకు సరిపోతుంది.

బ్రాండ్ అడగలేదు కానీ అడుగుతావని తెలుసు. నార్త్ కరోలినాలో 1886 నుంచి పనిముట్లు చేస్తున్న కౌన్సిల్ టూల్ వాళ్ళ మాల్‌లు నాకు ఇష్టం, హికరీ కర్ర కామతో వస్తాయి. ఫిన్లాండ్ కంపెనీ ఫిస్కర్స్ చేసే ఎక్స్27 అని ఒకటుంది, అది పూర్తి మాల్ కాదు, స్ప్లిటింగ్ యాక్స్, 36 అంగుళాల కామ, తల తేలిక. నీ యాష్ మొద్దులకు అది కూడా బ్రహ్మాండంగా సరిపోతుంది, కానీ దాని వెనకవైపుతో ఇనుప చీలల్ని, అంటే మొద్దులో దింపి చీల్చే వెడ్జ్‌లను, కొట్టకూడదు. నీకు ఎల్మ్ ఉంది కాబట్టి చీలలు వాడక తప్పదు, అందుకే నీకు మాల్ చెప్తున్నాను. స్వీడన్‌లో చేత్తో సాగగొట్టి చేసే గ్రాన్స్‌ఫోర్స్ బ్రుక్ లాంటివి అందంగా ఉంటాయి, రెండు వందల డాలర్లు దాటతాయి. ముందు కొట్టడం అలవాటు కానివ్వు, తర్వాత చూద్దువుగాని.

కామ విషయంలో నా ఓటు కర్రకే. ఫైబర్‌గ్లాస్ చెడ్డదని కాదు. వానకు ఎండకు తొందరగా చలించదు, తల వదులవడం తక్కువ, గురి తప్పి కామ మొద్దు అంచుకు తగిలినా కొంతవరకు ఓర్చుకుంటుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా విరగ్గొట్టేది అలాగే కాబట్టి దాన్ని తీసిపారేయను. కానీ అది విరిగితే కొత్తది ఎక్కించడం తలనొప్పి. కొన్నిటికి అసలు కుదరదు, మొత్తం పారేయడమే. పాతబడి పై పొర లేచిందంటే గాజు నూగు అరచేతుల్లో గుచ్చుకుంటుంది. కర్ర కామ అయితే పది పదిహేను నిమిషాల పనితో బాగుచేసుకోవచ్చు, విరిగితే ఇంట్లోనే మార్చుకోవచ్చు, దెబ్బ అదురు కూడా చేతికి తక్కువ తెలుస్తుంది.

షాపులో మొదట చేతికొచ్చింది తెచ్చుకోకు. అక్కడున్నవన్నీ ఒక్కొక్కటీ తీసి కామ అడుగు చివర చూడు. నార గీతలు కనిపిస్తాయి. అవి మాల్ అంచు ఏ దిక్కుకు ఉందో ఆ దిక్కుకే సాగాలి, అడ్డంగా ఉంటే పక్కన పెట్టెయ్. తర్వాత కామను పక్కనుంచి చూడు, గీతలు పైనుంచి కిందిదాకా కామ వెంబడే రావాలి. మధ్యలో ఏటవాలుగా పక్కకు వెళ్ళిపోయాయంటే అక్కడే విరుగుతుంది. కంటికి దగ్గరగా పెట్టి వంకర ఉందేమో చూడు. తల బెజ్జంలో కామ నిండుగా ఉందా, ఖాళీలు కనిపిస్తున్నాయా చూడు. రంగు పూసిన కామ అయితే కింద ఏముందో కనిపించదు, కాబట్టి రంగు లేనిదే తీసుకో. పొడవు 36 అంగుళాలు నయం, 32 కంటే. పొడవు కామతో గురి తప్పినా తల నీ కాళ్ళకు దూరంగా నేలకో దిమ్మకో తగులుతుంది, పొట్టి కామ అయితే కాలి ఎముక దగ్గరికి వస్తుంది.

పదును గురించి రెండు తప్పు మాటలు తిరుగుతుంటాయి. మాల్‌కు పదునే అక్కర్లేదని కొందరు, గొడ్డలిలా తళతళలాడించాలని కొందరు. రెండూ కాదు. మొద్దుబారిన మాల్ గట్టి ఓక్ మీద పడితే లోపలికి దిగకుండా ఎగిరి పక్కకు జారుతుంది, అది ప్రమాదం. మరీ పల్చగా అరగదీస్తే ముడి తగిలిన మొదటి రోజే అంచు పెచ్చులూడుతుంది. కంపెనీ నుంచి వచ్చిన వాలునే ఉంచు, రెండు వైపులా కలిపి చూస్తే బాగా మొండిగా కనిపించే వాలు అది, అలాగే ఉండాలి. అంచు మీద బొటనవేలు అడ్డంగా తాకిస్తే పదునుందని తెలియాలి, కాగితం కోయాల్సిన పనిలేదు.

పదును పెట్టడానికి ఆకురాయి చాలు, 10 అంగుళాలది. మాల్‌ను వైస్‌లో బిగించు, తోలు గ్లవ్స్ వేసుకో, ఆకురాయిని ఒక్క దిక్కుకే తోయి, వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తు. ముందుకీ వెనక్కీ రుద్దితే ఆకురాయి పళ్ళే అరిగిపోతాయి. రెండు వైపులా సమానంగా తోసి, పెచ్చులు పోయి అంచు ఒకే గీతలా వచ్చేదాకా చెయ్యి. బెంచ్ గ్రైండర్ ఉంది కదా అని దాని మీద పెట్టకు. అంచు నిమిషంలో వేడెక్కి నీలం రంగుకు తిరుగుతుంది, ఆ రంగు వచ్చిందంటే అక్కడ ఉక్కు గట్టితనం పోయినట్టే, తర్వాత ఎంత పదును పెట్టినా నిలవదు. ఒక సీజన్‌కు ఒకటి రెండు సార్లు పెడితే సరిపోతుంది, నువ్వు రాళ్ళ మీద కొట్టకుండా ఉంటే. అందుకే కింద దిమ్మ తప్పనిసరి.

దిమ్మకు నీ ఎల్మ్ మొద్దుల్లో ఒకదాన్ని వాడు. ఎల్మ్ నార ఒకదాన్లో ఒకటి అల్లుకుపోయి ఉంటుంది, పగలగొడదామంటే ప్రాణం తీస్తుంది. అదే గుణం దిమ్మకు పనికొస్తుంది, ఎన్ని దెబ్బలు పడ్డా చీలదు. మోకాలికి కొంచెం కిందికి ఉండే ఎత్తు, వెడల్పు ఎంతుంటే అంత మంచిది. దాని మీద పాత కారు టైరు ఒకటి పెట్టి, మొద్దును టైరు మధ్యలో నిలబెట్టు. పగిలిన ముక్కలు చెల్లాచెదురు కావు, ప్రతి దెబ్బకూ వంగి ఏరుకోనక్కర్లేదు, నడుము బతికిపోతుంది. టైరు షాపులో అడిగితే ఊరికే ఇస్తారు, వాళ్ళకు అది పారేయాల్సిన చెత్త.

కొట్టేముందు మొద్దు మీది పగుళ్ళు చూడు. ఎండిన మొద్దు మీద మధ్యలోంచి అంచులకు సన్నటి పగుళ్ళు ఉంటాయి. ఆ పగులు వెంబడే అంచు పడేలా చూసుకో. పక్కన ముడి కనిపిస్తే ముడి మీదుగా కాకుండా దాన్ని తప్పించే గీత వెతుక్కో. పెద్ద మొద్దు అయితే నడిమధ్యన కొట్టి రెండు చేద్దామనే ఆశ వదులుకో, అంచుల నుంచి ఒక్కో పేడు ఊడగొట్టుకుంటూ లోపలికి రా. నీ వైపున్న అంచుకు గురిపెట్టు, అవతలి అంచుకు పెడితే తల దాటిపోయి కామ మొద్దుకు తగిలి విరుగుతుంది. కామ విరిగేది ఎక్కువ అందువల్లే. కామకు తల కింద నాలుగైదు అంగుళాల మేర పాత సైకిల్ ట్యూబ్ బిగుతుగా చుట్టి ఉంచు, మొదటి సీజన్‌కు అది బాగా కాపాడుతుంది.

కాళ్ళు భుజాలంత ఎడంగా, రెండూ సమంగా పెట్టు, ఒక కాలు ముందుకు వద్దు. పైకెత్తేటప్పుడు ఒక చెయ్యి తల దగ్గర, దించేటప్పుడు ఆ చెయ్యి జారి రెండో చేతి దగ్గరికి రావాలి. దింపేటప్పుడు మోకాళ్ళు వంచు. మోకాళ్ళు బిగబట్టి నడుము మాత్రమే వంచితే తల నీ కాళ్ళ వైపు వంపుగా వస్తుంది, మోకాళ్ళు వంచితే నిటారుగా కిందికి పోతుంది. బలంతో నొక్కి దించాల్సిన పనిలేదు. పైకెత్తి, గురి మీంచి చూపు తిప్పకుండా, వేగంగా పడనివ్వు.

ఒకటి రెండు దెబ్బలకు పగలకపోతే అదే చోట ఊరికే బాదకు. మొద్దును తలకిందులు చేసి ఇంకో వైపు నుంచి చూడు. అప్పటికీ కాకపోతే ఇనుప చీల పెట్టి మాల్ వెనకవైపుతో కొట్టు, మాల్ వెనకవైపు ఉన్నదే అందుకు. చీలలు రెండు కొను, ఒకటి ఇరుక్కుంటే రెండోదాన్ని పక్కన దింపి మొదటిదాన్ని విడిపించుకోవడానికి. కానీ ఇది గుర్తుపెట్టుకో, మాల్ ఇరుక్కుంటే దాని వెనకవైపు ఇంకో సుత్తితో బాదకూడదు. గట్టి ఉక్కు మీద గట్టి ఉక్కు పడితే పెచ్చులు బుల్లెట్‌లా లేస్తాయి, కన్ను పోతుంది. నీ పాత గొడ్డలినైతే అసలే బాదొద్దు, దాని బెజ్జం పల్చగా ఉంటుంది, విచ్చుకుంటుంది. ఇరుక్కున్న మాల్‌ను పక్కలకు ఊపకుండా కామ చివరను పైకి కిందికి కదిలిస్తే వస్తుంది. కొన్నాళ్ళకు చీల తల పుట్టగొడుగులా అంచులు బయటికి విచ్చుకుంటుంది, అలా కనిపించిన రోజే ఆ అంచులు అరగదీసి చదును చెయ్యి, ఎగిరే పెచ్చులు అక్కడి నుంచే వస్తాయి. కళ్ళద్దాలు లేకుండా ఒక్క దెబ్బ కూడా వద్దు. మామూలు చూపు అద్దాలు కాదు, పక్కలు మూసి ఉండే సేఫ్టీ గ్లాసెస్. కాళ్ళకు స్టీల్ టో బూట్లు. చెప్పులతో పెరట్లోకి రానివ్వకు, నాన్నను కూడా.

తమ్ముడూ, మాల్ పాడయ్యేది కొట్టడం వల్లకంటే దాచే చోటు వల్లే ఎక్కువ. మీ దగ్గర చలికాలం హీటర్ వేసిన ఇంట్లో గాలి బాగా పొడిగా ఉంటుంది, అదే స్టవ్ పక్కన గోడకు ఆనించి పెడితే ఇంకా ఘోరం. కామ ఎండి సన్నబడి బెజ్జంలో వదులవుతుంది. నువ్వు గమనించకుండా ఎత్తి దించితే 6 పౌండ్ల ఇనుము ఊడి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. చలిగా ఉండే గరాజ్‌లోనో షెడ్‌లోనో నేల తగలకుండా పెట్టు. ప్రతిసారీ మొదలుపెట్టేముందు తల పట్టుకుని ఊపి చూడు, కొంచెం కదిలినా కొట్టొద్దు. కొందరు రాత్రంతా నీళ్ళ బకెట్‌లో ముంచి పెడతారు. కామ ఉబ్బి బిగుసుకుంటుంది, నిజమే, కానీ ఆ ఉబ్బులో నార నలిగిపోయి, ఆరాక ముందుకంటే ఎక్కువ వదులవుతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, కామ అడుగు భాగం మీద సుత్తితో గట్టిగా కొట్టు. మాల్‌ను తల కిందికి వచ్చేలా చేత్తో గాల్లో పట్టుకుని కొట్టాలి. వినడానికి విచిత్రంగా ఉన్నా, అలా కొడితే తల కామ మీదికి ఎక్కి బిగుస్తుంది. తర్వాత పైనున్న బిగింపు చెక్కను లోపలికి దించు, అవసరమైతే దానికి అడ్డంగా చిన్న ఇనుప చీల దింపు.

కామ మీద కంపెనీ వేసిన వార్నిష్ చేతికి జారుతుంది, బొబ్బలు కూడా వస్తాయి. దాన్ని గీకేసి, సన్నటి శాండ్‌పేపర్ పట్టి, బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అదే అవిసె నూనె, గుడ్డతో పల్చగా రుద్దు. పీల్చుకోవడం ఆగేదాకా రెండు మూడు సార్లు, తర్వాత ఏడాదికోసారి. బెజ్జంలో కనిపించే కామ కొసకు ఎక్కువ పట్టించు, తేమ దూరేది అక్కడే. ఆ గుడ్డ సంగతి నిర్లక్ష్యం చేయకు. లిన్సీడ్ ఆయిల్ తడిసిన గుడ్డను ముద్దగా చుట్టి మూల పడేస్తే ఎండే క్రమంలో వేడి పుట్టి దానంతటదే అంటుకుంటుంది, ఇళ్ళు కాలిపోయిన సందర్భాలున్నాయి. బయట రాయి మీదో కంచె మీదో విప్పి ఆరేసి, పూర్తిగా గట్టిపడ్డాకే పారెయ్.

ఇప్పుడు నాన్నగారి సంగతి. ఆయన మాటలో నిజముంది, కాదనకు. తుమ్మ మొద్దుల మీద చెయ్యి తిరిగినవాళ్ళు నార చూసే చూపు నువ్వూ నేనూ వీడియోలు చూసి నేర్చుకునేది కాదు. కానీ ఖమ్మం ఎండలో అలవాటైన ఒళ్ళు మిషిగన్ చలిలోకి వచ్చి ఒక్కసారిగా బరువు పని మొదలుపెడితే, ఆ వయసులో బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. చలిలో ఉన్నట్టుండి శ్రమ పడటం గుండెకు మంచిది కాదని డాక్టర్లు చెప్పేదే. అక్టోబర్‌లో ఎండ ఉన్న మధ్యాహ్నం యాష్ మొద్దులు కొన్ని కొట్టనివ్వు, సంతోషపడతారు. మంచు మొదలయ్యాక మాత్రం మాల్ నీ చేతిలోనే ఉండాలి. ఆయనకు ఏ మొద్దు ఏ వైపు నుంచి కొట్టాలో చూపించే పని ఇవ్వు, సన్నటి పేళ్ళు చేసే పని ఇవ్వు, ఆకురాయి ఇవ్వు. బీపీ మందులు వాడుతుంటే వచ్చే ముందే డాక్టర్‌ను అడగమను. గట్టిగా చెప్పు, మొహమాటపడకు, ఆయన కోప్పడ్డా సరే.

చివరిగా నీ మొద్దుల గురించి, నువ్వు అడగకపోయినా. యాష్ ముందు కొట్టు. ఎండిపోయిన చెట్టన్నావు కాబట్టి బెరడు తీసి చూడు, కింద పాము నడిచినట్టు వంకర దారులుంటే ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు చంపిన చెట్టు అది. 2002లో అమెరికాలో మొదట గుర్తించింది మీ డెట్రాయిట్ దగ్గరే, అప్పట్నుంచి కోట్ల యాష్ చెట్లు పోయాయి. కట్టె కాల్చుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు, కానీ వేరే ఊళ్ళో స్నేహితుడికి ఇద్దామని కారులో వేసుకుని వెళ్ళకు, పురుగు అలాగే ఊళ్ళు దాటింది. నిలబడే ఎండిన యాష్ కట్టె అయితే ఈ చలికాలానికే పనికి రావచ్చు. పది పదిహేను డాలర్లు, ఇరవై డాలర్లు పెడితే తేమ చూసే మీటర్ దొరుకుతుంది, కట్టెను అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చి చూడు, 20 శాతం లోపు ఉంటేనే స్టవ్‌లో పెట్టు. రెడ్ ఓక్ ఈ ఏడాది కుదరదు, దానికి చీల్చాక కూడా రెండు వేసవులు కావాలి. అయినా ఇప్పుడే చీల్చి పేర్చు, మొద్దుగా ఉంచితే లోపల తేమ అలాగే ఉంటుంది. నేలకు తగలకుండా ప్యాలెట్ల మీద, గాలి ఆడేలా, పైన మాత్రమే కప్పి పెట్టు, నాలుగు పక్కలా టార్పాలిన్ చుడితే బూజు పడుతుంది. తడి కట్టె కాలిస్తే వేడి రాదు సరికదా, పొగగొట్టంలో క్రియోసోట్ అనే తారులాంటి మసి పేరుకుని అదే ఓ రోజు అంటుకుంటుంది. పాత ఇల్లు కొన్నావు కాబట్టి, స్టవ్ ముట్టించే ముందు చిమ్నీ ఒకసారి మనిషిని పిలిచి శుభ్రం చేయించు.

ఎల్మ్‌ను చలి బాగా ముదిరేదాకా కదిలించకు. పచ్చి కట్టెలో నీళ్ళు గడ్డకట్టాక నార పెళుసుగా విడుతుంది, అప్పుడు అంచుల నుంచి పేళ్ళు ఊడగొట్టుకోవచ్చు. అప్పటికీ మొండికేస్తే టూల్ రెంటల్ షాపులో హైడ్రాలిక్ స్ప్లిటర్ ఒక రోజుకు అద్దెకు తెచ్చుకో, పక్కింటివాళ్ళకు కూడా మొద్దులుంటే అద్దె పంచుకోండి.